కనబడని గాయం: మెడనొప్పికి ఒక చరిత్ర

కంటికి కనబడని గాయానికి సాక్ష్యమేమిటి? ఈ ప్రశ్న మోటారు కారు కన్నా పాతది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో రైళ్ళు గుద్దుకున్నపుడు ఒంటిమీద గీత కూడా పడని ప్రయాణికులు నెలల తరబడి మెడ, వెన్ను నొప్పులతో, నిద్రలేమితో బాధపడేవారు. చార్లెస్ డికెన్స్ 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదంలో గాయాలు లేకుండా బయటపడ్డాడు గాని, ఆ తరువాత రైలెక్కితే వణికేవాడు. సరిగ్గా ఐదేళ్ళకు అదే తేదీన మరణించాడు.

1866లో లండను శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్‌సన్ ఈ బాధితుల గురించి తానిచ్చిన ఉపన్యాసాలను గ్రంథంగా వెలువరించాడు. కుదుపు వెన్నుపామునే దెబ్బతీస్తుందని ఆయన వాదం. ఈ జబ్బుకు ‘రైల్వే వెన్ను’ అన్న పేరు స్థిరపడింది. 1883లో హెర్బర్ట్ పేజ్ దీనిని ఖండిస్తూ, చాలావరకు కారణం భయమేనన్నాడు. పేజ్ ఒక రైల్వే కంపెనీకి వైద్యుడు. పరిహారం చెల్లించవలసినవి ఆ కంపెనీలే! అలాగని ఆయన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎరిక్‌సన్ ఊహించిన వెన్నుపాము వాపుకు ఆధారాలు దొరకలేదన్నది నిజం.

రైలు స్థానంలోకి కారు వచ్చింది. 1928లో అమెరికన్ ఎముకల వైద్యుడు హెరాల్డ్ క్రో ‘విప్‌లాష్’ అన్న మాట వాడాడు. కొరడా విసురన్నమాట. తల విసురుగా కదిలే తీరును చెప్పడానికి వాడిన మాటను లోకం రోగం పేరుగా పట్టుకున్నందుకు ఆయన తరువాత విచారించాడు కూడా.

వెనకనుంచి వాహనం గుద్దితే సీటు మొండేన్ని ముందుకు తోస్తుంది, తల ఉన్నచోటే ఉండిపోతుంది. రెప్పపాటులో మెడ ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరంలా వంకర తిరుగుతుంది. సాగేవి కండరాలు, స్నాయువులు, వెన్నుపూసల నడుమ చిన్న కీళ్ళు. ఎక్స్‌రే చూపేది ఎముకలను. చాలా ఏళ్ళ క్రితం నేనెక్కిన బస్సును వెనకనుంచి లారీ గుద్దింది. ఫిల్ము నిర్దోషంగా వచ్చింది. "ఏ ఎముకా విరగలేదుగా!" అన్న ఓదార్పు ఎంత బరువైనదో అప్పటినుంచీ నాకు తెలుసు. నేటికీ చలికాలంలో ఎడమవైపు తిరగాలంటే భుజాన్ని కూడా వెంట తీసుకుపోవలసిందే.

ఒకప్పుడు మెడకు పట్టీ బిగించి వారాలపాటు కదలవద్దనేవారు. తొందరగా, మెల్లగా కదిలించడమే మేలని 1980లనుంచి పరిశోధనలు చెబుతూ వచ్చాయి. కోలుకునేవారిలో ఎక్కువమంది మొదటి రెండు మూడు నెలల్లోనే కోలుకుంటారు. ఏడాది తరువాత కూడా దాదాపు సగంమంది ఎంతో కొంత నొప్పి ఉందంటారు.

1996లో రెండు అధ్యయనాలు వచ్చాయి. పరిహారం ఆశించే అలవాటు లేని లిథువేనియాలో ఇలాంటి ప్రమాదానికి గురైన 202 మందిని, గురికాని వారితో పోల్చితే దీర్ఘకాలిక నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పేజ్ వారసులకు ఇది పండగే. అదే ఏడు ఆస్ట్రేలియాలో బోగ్డుక్ బృందం, ఏళ్ళుగా తగ్గని నొప్పి ఉన్న 24 మందిలో సగంమందికి ఆ చిన్న కీళ్ళ నరాలను వేడితో మొద్దుబార్చింది. మిగతా సగానికి ఉత్తుత్తి చికిత్స చేసింది. ఎవరికేది చేశారో రోగులకు తెలియదు. నొప్పి తిరిగి రావడానికి మొదటివారికి మధ్యస్థంగా 263 రోజులు పట్టగా, రెండోవారికి పట్టింది 8 రోజులు. నమ్మకానికీ భయానికీ నొప్పిని పెంచే శక్తి ఉందని ఒప్పుకుంటాను గాని, ఈ తేడాను కేవలం ఊహ అనడానికి నాకు నోరు రాదు.

ఇంగ్లండు చట్టం వేరే దారి పట్టింది. రోడ్డు ప్రమాదపు మెడనొప్పికి 2021 మే 31 నుంచి కాలాన్నిబట్టి వెల కట్టింది: మూడు నెలల్లోపు తగ్గితే 240 పౌండ్లు. 2025లో దాన్ని కాస్త పెంచారు. వైద్యుడి నివేదిక చూడందే రాజీ బేరం ఆడకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.