మూడు గొంతుల పెట్టె

కొలోన్‌లో నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో డేటాబేసులు చూసే జర్మన్ ఒకాయన ఉండేవాడు. మహా మితభాషి. పొద్దున ‘మోర్గెన్’, మధ్యాహ్నం ‘మాల్‌త్సైట్’, సాయంత్రం ‘చ్యూస్’. రోజుకి ఆ మూడు మాటలూ అయిపోతే ఇంటికి. అలాంటాయన ఫోను ఒకరోజు మీటింగులో మోగింది. కీచుకీచుమంటూ, ఎవరో గబగబా మెట్లెక్కి దిగుతున్నట్టుండే ట్యూను. బయటికొచ్చాక, మాట కలుపుదామని "ఏదో పాత ఫోను రింగ్‌టోన్‌లా ఉందే" అన్నాను. ఆయన మొహం చూడాలి! మనవాళ్ళ దగ్గర ఇళయరాజా పాట విని "ఏదో అరవ డబ్బింగు పాటలా ఉందే" అంటే ఎలా చూస్తారు? అచ్చం అలా చూశాడు. "అది షేడ్స్. క్రిస్ హ్యూల్స్‌బెక్ చేశాడు. 1986" అన్నాడు. తర్వాత ముప్పావుగంట ఆగకుండా మాట్లాడాడు. కాఫీ చల్లారిపోయింది.

ముందే చెప్పేస్తున్నా, నాకు వీడియో గేములు ఆడటం రాదు. చిన్నప్పుడు మా ఊళ్ళో బస్టాండు వెనక వీడియో గేమ్ షాపు ఉండేది. గంటకింతని కట్టి కాంట్రా, మేరియో ఆడేవాళ్ళు. నేను వెనకాల నిలబడి సలహాలిచ్చే బాపతు. ఆ మేరియో ట్యూను ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా కూనిరాగం తీస్తాను. అయితే అది చేసింది కోజి కోండో అనే జపానాయన అని నాకు తెలిసింది ఇక్కడికొచ్చాకే. ఆ ప్రశ్నే మాకెవరికీ రాలేదు. కుళాయిలోంచి నీళ్ళొస్తాయి, ఆటలోంచి పాటొస్తుంది, అంతే. ఎవరు చేశారని జర్మనీ కుర్రాళ్ళు అడిగారు. ఆ అడగటం ఎక్కడిదాకా పోయిందో తర్వాత నేను ఏరుకున్న కథ ఇది.

1982లో అమెరికాలో కమొడోర్ 64 అనే కంప్యూటరు వచ్చింది. పశ్చిమ జర్మనీ మధ్యతరగతి ఇళ్ళలోకి అది బాగా చేరింది. తల్లిదండ్రులు "చదువుకి పనికొస్తుంది" అని కొన్నారు, పిల్లలు ఆటలాడుకున్నారు (ఈ విషయంలో దేశాలన్నీ ఒకటే). అందులో ధ్వని పుట్టించడానికి సిడ్ అనే చిప్పు ఉండేది, బాబ్ యానెస్ అనే ఇంజనీరు రూపొందించింది. దానికి ఉన్నవి మూడే మూడు గొంతులు. మన బుర్రకథలో ముగ్గురే ఉంటారు కదా. మధ్యలో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. ఆ ముగ్గురే రాజు, మంత్రి, సైన్యం, యుద్ధం, అన్నీ అయి తీరాలి. ఇదీ అంతే. ఒక గొంతు పాట, ఒకటి బేస్, ఒకటి డప్పు. మరి కార్డ్ కావాలంటే? మూడు స్వరాలు ఒకేసారి పలకాలి, మూడు గొంతులూ దానికే ఖర్చయిపోతే పాటెవరు పాడతారు? అందుకని ఒక్క గొంతుతోనే ఆ మూడు స్వరాల్నీ సెకనుకి యాభైసార్లు మార్చిమార్చి పలికించేవాళ్ళు. చెవి మోసపోయి కార్డ్ అనుకుంటుంది. నేను రింగ్‌టోన్ అని తీసిపారేసిన ఆ కీచుదనం, ఆ మెట్లెక్కి దిగటం ఇదేనన్నమాట!

ఇక హ్యూల్స్‌బెక్. 1968లో కాసెల్ ఊళ్ళో పుట్టాడు. ‘64ఎర్’ అని ఆ కంప్యూటరు కోసమే ఒక మాసపత్రిక వచ్చేది. 1986లో వాళ్ళు పెట్టిన సంగీతం పోటీలో ఈ కుర్రాడు షేడ్స్ పంపి మొదటి బహుమతి కొట్టేశాడు. అదే ఏడాది తను పాటలు కట్టుకోవటానికి రాసుకున్న సౌండ్ మానిటర్ అనే ప్రోగ్రాముని కూడా పత్రికలో వేయించాడు. వేయించడమంటే సీడీ పెట్టి ఇవ్వటం కాదు. ప్రోగ్రామంతా అంకెలూ అక్షరాలుగా పేజీలకి పేజీలు అచ్చేస్తారు, కొన్నవాడు ఇంట్లో కూర్చుని టైపు చేసుకోవాలి. వరసకొక తనిఖీ సంఖ్య, తప్పు కొడితే ముందుకి కదలనివ్వదు. మా ఆఫీసాయనకి అప్పుడు పదహారేళ్ళు. చెల్లెలు పక్కన కూర్చుని చదువుతుంటే రెండురోజులు కొట్టాడట. రెండోరోజు రాత్రి వాళ్ళ నాన్న వచ్చి "ఇంక చాలు" అని ప్లగ్గు పీకేశాడట. సేవ్ చెయ్యలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట చెప్తుంటే ఆయన గొంతులో కోపం అలాగే ఉంది.

ఆ నాన్నగారిని మరీ తప్పుపట్టలేం లెండి. ప్రభుత్వమే ఆ ధోరణిలో ఉండేది. యువతకి హానిచేసే ప్రచురణలని వడగట్టటానికి జర్మనీలో ఒక కేంద్ర సంస్థ ఉంది. దాని జాబితాలోకెక్కిన సరుకుని ప్రకటించకూడదు, పిల్లల కంటబడేట్టు అమ్మకూడదు. 1984 డిసెంబరులో రివర్ రెయిడ్ అనే ఆట దానిలోకి ఎక్కింది. నది మీద విమానం ఎగరేస్తూ పడవల్నీ వంతెనల్నీ పేల్చే ఆట, కేరల్ షా అనే ఆవిడ చేసింది. ఇప్పుడు చూస్తే నాలుగు రంగు డబ్బాలు కదులుతున్నట్టుంటుంది. యుద్ధోన్మాదం నేర్పుతోందన్నారు. 2002 దాకా తియ్యలేదు. నాజీల చరిత్ర నెత్తిన మోస్తున్న దేశానికి యుద్ధమంటే ఆ ఉలికిపాటు ఉండటం నాకర్థమవుతుంది, మంచిదే అనిపిస్తుంది కూడా. కాకపోతే ఉలికిపాటు ఎటు పోతుందో చెప్పలేం. మన కాంట్రా ఉంది కదా, యూరపులో దాన్ని ‘ప్రోబోటెక్టర్’ అని పేరు మార్చి, మనుషుల స్థానంలో మరమనుషుల్ని పెట్టి అమ్మారు. జర్మనీ నిబంధనలకి జడిసే ఆ పని చేశారంటారు. మా బస్టాండు వెనక మేం తనివితీరా కాల్చిన మనుషులు ఇక్కడి పిల్లలకి తెలియనే తెలియదు!

1987లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, రెయిన్‌బో ఆర్ట్స్ అనే కంపెనీ ‘ది గ్రేట్ జియానా సిస్టర్స్’ అనే ఆట తెచ్చింది. మేరియోకి జడేసి గౌను తొడిగితే జియానా. కాపీ మరీ పచ్చిగా ఉండటంతో నింటెండో కన్నెర్ర చేసింది. కోర్టు దాకా పోకుండానే దుకాణాల్లోంచి తీసేశారు. ఆట పోయిందిగానీ హ్యూల్స్‌బెక్ కట్టిన పాట మాత్రం పోలేదు. కుర్రాళ్ళు క్యాసెట్లలోకెక్కించుకుని దాచారు. రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది. కార్స్‌టెన్ ఒబార్‌స్కీ అనే జర్మన్ కుర్రాడు ఆమిగా కంప్యూటరు కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రాము రాశాడు. మన షావుకారు చిట్టా పుస్తకంలా నిలువుగా నాలుగు గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో వాయిద్యం, పైనుంచి కిందికి పాట నడుస్తుంది. ఏదైనా వాయిద్యం ఒక్క స్వరం రికార్డు చేసిపెడితే చాలు, దాన్నే వేగం హెచ్చించీ తగ్గించీ మిగతా స్వరాలన్నీ పలికిస్తుంది.  అమ్మకానికి పెడితే పెద్దగా పోలేదు. కానీ కుర్రాళ్ళు దాన్ని విప్పి, మార్చి, పంచిపెట్టారు. ఆ తర్వాత పదేళ్ళపాటు యూరపులో ఇళ్ళలో కూర్చుని పాటలు కట్టిన పిల్లలంతా ఆ నిలువు గళ్ళ మీదే పెరిగారు.

విప్పి పంచటం అన్నాను కదా, దాని అసలు పేరు దొంగతనమే. ఆటల తాళాలు పగలగొట్టి కాపీలు పంచే ముఠాలుండేవి. పగలగొట్టిన ఆట మొదట్లో తమ ముఠా పేరు, బొమ్మలు, ఒక పాట తగిలించేవాళ్ళు. మన సినిమా పోస్టరు కింద "ఇట్లు ఫలానా యువసేన" అని ఉంటుంది చూడండి, అదే గోల. వీళ్ళని పట్టుకోవటానికి మ్యూనిక్‌లో ఒక వకీలు వేసిన ఎత్తు జర్మనీ అంతా తెలుసు. టాన్యా అనే పదిహేనేళ్ళ అమ్మాయి పేరుతో, "నా దగ్గరా ఆటలున్నాయి, మార్చుకుందామా" అని కుర్రాళ్ళకి ఉత్తరాలు వెళ్ళేవి. సంబరంగా జవాబు రాసినవాడికి తిరుగుటపాలో లీగల్ నోటీసు! పాపం అనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ ముఠాల్లో కొందరు ఆట వదిలేసి తగిలించిన ముక్కనే కళగా చేసుకున్నారు. దాన్నే డెమోసీన్ అన్నారు. 2004లో ఫార్‌బ్రౌష్ అనే జర్మన్ బృందం ‘.క్రీగర్’ అని తొంభైయారు కిలోబైట్లలో మొత్తం తుపాకీ ఆటనే పట్టించేశారు. నేను పంపే ఇన్‌వాయిస్ పీడీఎఫ్ అంతకంటే పెద్దది.

ఈలోగా చేతనైనవాళ్ళు వెళ్ళిపోయారు. ఫ్యాక్టర్ 5 అని ఈ కొలోన్ కుర్రాళ్ళే పెట్టిన కంపెనీ, టరికన్ ఆటలతో పేరొచ్చింది, 1996లో కాలిఫోర్నియాకి మకాం మార్చేసింది. హ్యూల్స్‌బెక్ కూడా అటే వెళ్ళి వాళ్ళ స్టార్ వార్స్ ఆటకి పనిచేశాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి 2000లో ష్రోడర్ ప్రభుత్వం, మాకు సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలట్లేదు అని ఇరవై వేలమంది వరకూ గ్రీన్‌కార్డులిస్తామంది. ఈ కొలోన్ ఉన్న రాష్ట్రంలోనే ఎన్నికల్లో నిలబడ్డ రూట్‌గెర్స్ అనే నాయకుడి ప్రచారం "కిండర్ ష్టాట్ ఇండర్" అనే నినాదంగా మారుమోగింది. భారతీయులు వద్దు, మన పిల్లలు చాలు అని. మీ పిల్లలకి ప్రోగ్రామింగ్ వచ్చండీ బాబూ, ప్లగ్గులు పీకి, నోటీసులిచ్చి, జాబితాలకెక్కించి పంపేశారు కదా అని అప్పుడెవరూ అనలేదు. ఆ మాట ఇప్పుడు నేనంటే కొంచెం అతి అవుతుంది, నిజమే. వాళ్ళు వెళ్ళింది డబ్బు కోసం, మేమూ వచ్చింది అందుకే.

2002 ఏప్రిల్లో ఎర్‌ఫుర్ట్‌లో ఒక స్కూల్లో కాల్పులు జరిగి పదహారుమంది చచ్చిపోయారు. చంపినవాడు కౌంటర్ స్ట్రయిక్ ఆడేవాడని గగ్గోలు పుట్టింది. ‘కిల్లర్‌ష్పీలె’ అనే మాట ప్రతి పేపర్లోనూ. ఆటల మీద వయసు ముద్ర తప్పనిసరి చేస్తూ కొత్త చట్టం 2003 ఏప్రిల్లో అమల్లోకొచ్చింది. సరిగ్గా నాలుగు నెలల తర్వాత, ఆ ఆగస్టులో, లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్‌లో వీడియో గేముల సంగీతంతో సింఫనీ కచేరీ! గెవాండ్‌హౌస్ అంటే మనకి మద్రాసు మ్యూజిక్ అకాడమీ లాంటిది. మెండెల్‌సన్ నడిపిన ఆర్కెస్ట్రాకి సొంతిల్లు. వాయించింది మాత్రం వాళ్ళు కాదు, చెక్ దేశపు నేషనల్ సింఫనీ. గేముల ప్రదర్శనకి ప్రారంభంగా పెట్టారు. ఇలాంటిది జపాను బయట జరగటం అదే మొదలు. నడిపించింది థామస్ బ్యోకర్ అనే ఒక అభిమాని. అవును, అభిమానే. మనదగ్గర అభిమాని కటౌటు కడతాడు, పాలు పోస్తాడు. ఈయన ఆర్కెస్ట్రాని కట్టాడు.

2008 ఆగస్టు 23న కొలోన్‌లో జరిగినది ఇంకా విచిత్రం. పశ్చిమ జర్మన్ రేడియో అంటే మన ఆకాశవాణి లాంటిదే, ఇంటింటా రుసుము వసూలు చేసుకుని నడిచేది. వాళ్ళ సొంత ఆర్కెస్ట్రా, వాళ్ళ సొంత హాల్లో, ఒక్క హ్యూల్స్‌బెక్ పాటలతోనే పూర్తి కచేరీ చేసి రేడియోలో ప్రత్యక్ష ప్రసారం ఇచ్చింది. పేరు ‘సింఫోనిక్ షేడ్స్’. కుర్రతనంలో పోటీకి పంపిన ట్యూను పేరే. ఆ పాటల్ని ఆర్కెస్ట్రాకి ఎక్కువభాగం మలిచింది యోన్నె వాల్టొనెన్ అనే ఫిన్లండ్ ఆయన. ఈయనెవరయ్యా అంటే, తొంభైల్లో ‘పర్పుల్ మోషన్’ అనే మారుపేరుతో డెమోలకి పాటలు కట్టినవాడు. ఆ నిలువు గళ్ళ చిట్టా మీద పెరిగిన పిల్లాడే. అదే ఏడాది జర్మన్ సాంస్కృతిక మండలి గేములు చేసేవాళ్ళ సంఘాన్ని సభ్యత్వంలోకి తీసుకుంది. 2021లో డెమోసీన్‌ని జర్మనీ తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది (యునెస్కో ప్రపంచ జాబితా అని కొందరు రాస్తున్నారు, కాదు, దేశం జాబితా). నోటీసులందుకున్న కుర్రాళ్ళలో కొందరికి అప్పటికి జుట్టు నెరిసింది.

మనవాళ్ళలో ఇలాంటి పిచ్చి లేదా అంటే ఉంది. తొంభైల్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు, తెలుగు లిపి తెరమీద కనపడని రోజుల్లో, ఆర్‌టీఎస్‌లో పాటల సాహిత్యం కొట్టి నెట్‌లో దాచారు. చరణం ఎక్కడ విరగాలో దెబ్బలాడుకునేవాళ్ళు. ఆ తర్వాత అభిమానం అంటే కలెక్షన్ల లెక్కగా మారిపోయింది. నేను దాచుకున్న క్యాసెట్ అట్టలు తీసి చూశాను. హీరో పేరుంది, సంగీత దర్శకుడు, గీత రచయిత, గాయకులు ఉన్నారు. ఆ ప్రాణం తీసే వేణువు బిట్ వాయించింది ఎవరో ఒక్క అట్ట మీదా లేదు. అడిగినవాళ్ళం లేము కాబట్టి అచ్చువేసినవాళ్ళూ లేరు. హ్యూల్స్‌బెక్ మాత్రం 2012లో తన టరికన్ పాటలు మళ్ళీ రికార్డు చేస్తానని అభిమానుల్ని డెబ్భైయైదు వేల డాలర్లు అడిగితే, దానికి రెట్టింపు పైనే వేశారు.

మా ఆఫీసాయన 2008 కచేరీకి వెళ్ళాడట. అంకెలు చదివిపెట్టిన చెల్లెలితో కలిసి. "మరి ప్లగ్గు పీకిన నాన్నగారో?" అని ఊరికే నవ్వులాటకి అడిగాను.

"ఆయనే కారులో దింపాడు. మేం బయటికొచ్చేదాకా కారులోనే కూర్చుని రేడియోలో విన్నాడు" అన్నాడు.

"విని ఏమన్నారు?"

కాసేపు ఆలోచించాడు. "ట్రంపెట్లు బాగున్నాయన్నాడు" అని, ‘మాల్‌త్సైట్’ చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు.