విప్పి చూసిన విద్య

కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారిలో జి.డి. నాయుడుగారు చిరస్మరణీయులు. 1893లో కలంగల్ గ్రామంలో జన్మించిన ఆయన బడి చదువు పూర్తి చేయలేదు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూసి ముచ్చటపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొన్నారు. భాగాలన్నీ విప్పి, మళ్ళీ బిగించి, యంత్ర రహస్యం గ్రహించారు. 1920లో పొల్లాచి-పళని మధ్య బస్సు నడిపారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేశారు.

మన రాకెట్ల చరిత్ర కూడా ఇటువంటిదే. 1963 నవంబరు 21న తుంబాలో ఎగిరిన నైకీ-అపాచీ అమెరికా నుంచి తెచ్చి, ఇక్కడ కూర్చినది. 1967లో ఎగిరిన రోహిణి-75 మనవారు నిర్మించుకున్నది.

పరుల వస్తువును విప్పడం ఆరంభం. సొంత వస్తువును నిర్మించడం ఫలం. తల్లిదండ్రులారా! పిల్లవాడు గడియారం విప్పితే కసరకండి, మళ్ళీ బిగించమనండి.