వెండి సెమ్మెలూ, మసి కుండలూ

నాటకం ఆడటం కష్టమా, ఎంచుకోవటం కష్టమా అని ఎవరైనా అడిగితే, ఎంచుకోవటమే కష్టమంటాను నేను. ఆడేటప్పుడు పదిమంది సాయానికి వస్తారు. ఎంచుకునేటప్పుడు ఆ పదిమందీ పది సలహాలు చెప్పి తప్పుకుంటారు.

తెనాలిలో డిగ్రీ చదువుతూ మొదటిసారి నాటకం డైరెక్టు చేయబోతున్న ఓ అమ్మాయి ఈ కష్టాన్ని నా నెత్తిన పెట్టింది. "అరగంట దాటకూడదు పిన్నిగారూ! కతోలిక కథ అయ్యుండాలి. చూసేవాళ్లలో సగంమంది చర్చి గడప తొక్కనివాళ్లు. వాళ్లకీ కళ్లు చెమర్చాలి" అంది. షరతులు మూడే. కానీ మూడూ ముల్లోకాలంత ఉన్నాయి!

అయితే ఈ పనికి మా ప్రాంతాన్ని మించింది లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయి, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి గానీ, నాటకాల విషయంలో మూడూ ఒక ఇంటివే. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామ అయ్యారు. మొగవాడు ఆడవేషం కట్టి, ఆడవాళ్లే వచ్చి నడక నేర్చుకోవాలనిపించేలా నడిచారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది.

ఇక్కడో తమాషా ఉంది. ప్రపంచంలో బడిపిల్లల చేత శ్రద్ధగా నాటకాలాడించినవాళ్లలో కతోలికుల్లోని జెసూట్ గురువులు ముందువరసలో ఉంటారు. మన విజయవాడ లయోలా కాలేజీ పెట్టింది ఆ సభవారే. వాళ్లు 1599లో తమ విద్యాలయాలన్నిటికీ ఒక నిబంధనావళి రాసుకున్నారు. నాటకం లాటిన్‌లోనే ఉండాలి, ఎప్పుడో గాని ఆడకూడదు, కథ పవిత్రంగా ఉండాలి, స్త్రీ పాత్ర గాని స్త్రీ వేషం గాని రంగం మీదికి రాకూడదు! ఆ నియమం బాపట్ల దాకా వచ్చి ఉంటే మన స్థానంవారి గతి ఏమిటి? చిత్రమేమిటంటే, ఆ గురువులే ఆ నియమాన్ని చాలాచోట్ల సడలించుకున్నారు. అమ్మ లేని కథ, అక్క లేని కథ ఎన్నాళ్లని దొరుకుతాయి?

సరే, ఎంపికకి వద్దాం. నా దగ్గర మూడు మిగిలాయి.

మొదటిది చాలా పాతది, అన్నిటికన్నా పొట్టిది. పదో శతాబ్దంలో ఇంగ్లండులో ఎథెల్‌వోల్డ్ అనే బిషప్ తన మఠాలవారికోసం రాయించిన పద్ధతి. పాస్కా పండుగ తెల్లవారుజామున ఒక సన్యాసి తెల్లని వస్త్రంతో సమాధి దగ్గర దేవదూతలా కూర్చుంటాడు. మరో ముగ్గురు ధూపకలశాలు పట్టుకుని, దేన్నో వెతుకుతున్నట్టు మెల్లగా అడుగులు వేస్తూ వస్తారు. వాళ్లే క్రీస్తు దేహానికి పరిమళద్రవ్యాలు పూయవచ్చిన స్త్రీలు. ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతే. ఐరోపా నాటకం మళ్లీ మొలకెత్తింది ఇక్కడేనంటారు. కానీ ఇది నాటకంకన్నా ప్రార్థన. ఆల్తారు ముందు నిలబడాల్సిన దాన్ని కాలేజీ స్టేజీ మీద పెట్టి చప్పట్లు కొట్టించటానికి నాకు మనసొప్పలేదు.

రెండోది రాసింది ఆడమనిషి! జర్మనీలో గాండర్‌షైమ్ మఠవాసిని రోస్విత, అదే పదో శతాబ్దంలో ఆరు నాటకాలు రాసింది. లాటిన్ నాటకకర్త టెరెన్స్ ఆడవాళ్లని చపలచిత్తలుగా చూపించాడని, దానికి బదులుగా ధీరలైన కన్యల్ని చూపిస్తానని పూనుకుంది. 1493 ప్రాంతంలో కోన్రాడ్ కెల్టిస్ అనే పండితుడి కంటబడి, 1501లో అచ్చయ్యేదాకా ఆమె రాతలు ప్రపంచానికి దాదాపు తెలియనే తెలియవు. వాటిలో ఒకదాంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లని మతం మార్చుకోమని వంటపాత్రలున్న గది పక్కన బంధిస్తారు. అధికారి దురుద్దేశంతో రాత్రివేళ వచ్చి, మతి తప్పి, వాళ్లే అనుకుని మసి కుండల్ని, మూకుళ్లని కావిలించుకుంటాడు. అక్కచెల్లెళ్లు సందులోంచి చూసి నవ్వుకుంటారు. ఒళ్లంతా మసితో బయటికొస్తే సొంత సైనికులే దయ్యమనుకుని పారిపోతారు. నర్తనశాలలో కీచకుడి పాట్లు ఎరిగిన మనవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పాలా? చిక్కల్లా చివర్లో ఉంది. ఆ నవ్విన ముగ్గురూ వేదసాక్షులై ప్రాణాలు విడుస్తారు. నవ్వుతున్న హాలుని ఐదు నిమిషాల్లో నిశ్శబ్దం చేయటం తలపండిన దర్శకులకే గండం.

మూడోది బిషప్ వెండి సెమ్మెల కథ. విక్టర్ హ్యూగో 1862 నాటి నవలలోని ఘట్టాన్ని నార్మన్ మెకినెల్ ఏకాంకికగా మలిస్తే, 1901లో లండన్‌లో ఆడారు. మనదేశంలో ఎన్నో తరాలు ఇంగ్లీషు పాఠంగా చదివాయి. జైలునుంచి పారిపోయినవాడు ఆకలితో వస్తాడు. బిషప్ అన్నం పెడతాడు. వాడు వెండి సెమ్మెలు ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టుకొస్తే, నేనే ఇచ్చానంటాడు బిషప్. ఈ కథ మనకు కొత్తా? 1950లో "బీదలపాట్లు"లో ఆ దొంగ వేషం వేసింది చిత్తూరు నాగయ్యగారు. పుట్టింది మన రేపల్లెలోనే, 1904లో. పోతన, త్యాగయ్య అయిన మనిషే ఈ దొంగ కూడా అయ్యాడు. అది చాలదూ, ఈ కథకి మతం గోడలు అడ్డురావని చెప్పటానికి?

నేను దీనికే ఓటు వేశాను. ఐదు పాత్రలు, ఒక్క గది. ఖర్చు రెండు సెమ్మెలు. అసలు కారణం మాత్రం బిషప్ కాదు, ఆయన చెల్లెలు పెర్సోమే. ఇల్లు నడిపేది ఆవిడ. అన్నగారు ఎవరికో అద్దె కట్టడానికి వెండి ఉప్పుగిన్నెలు అమ్మించేశాడు. మిగిలినవి ఆ సెమ్మెలే, అవీ తల్లి ఇచ్చినవి. నవలలో చెల్లెలు నోరెత్తని సాధ్వి. మెకినెల్ ఆమెకి నోరిచ్చాడు. చాలామంది ఆ నోటిని గయ్యాళి నోరుగా ఆడించి నవ్విస్తారు. అది అన్యాయం. ఇంట్లో దానకర్ణుడు ఉంటే పొయ్యిమీద ఎసరు పెట్టాల్సిన మనిషికి కోపం రాదూ? ఆ కోపం నిజంగా వినపడితేనే బిషప్ దానం ఎంత విలువైందో తెలుస్తుంది. ఆమె సణుగుడు వేళాకోళమైతే ఆయన త్యాగమూ చవకైపోతుంది.

అందుకే ఆ అమ్మాయికి ఒకే మాట రాశాను: "బిషప్ వేషానికి గడ్డం బాగా అతికే కుర్రాణ్ణి ఎవర్నయినా వెతుక్కో. పెర్సోమేకి మాత్రం నీకున్న వాళ్లలో అందరికన్నా మంచి నటిని పెట్టు."