చదువుట, గ్రహించుట, వ్రాయుట
(తెలుగున వ్యాసపరీక్షా చరిత్ర)

బాలుడు చదివినదానిని గ్రహించెనా, గ్రహించినదానిని తన మాటలలో వ్రాయగలడా అను రెండు ప్రశ్నలే భాషాపరీక్షలన్నిటికిని మూలము. నేటి పదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రమున ‘అవగాహన-ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ-సృజనాత్మకత’ అను పేర్లతో కనబడు విభాగములు ఈ రెండింటిని పరీక్షించుటకు ఏర్పడినవే. పాఠ్యపుస్తకమున లేని గద్యభాగము నిచ్చి ప్రశ్నలడుగుటయు, ఒక విషయముపై వ్యాసము వ్రాయించుటయు నేడు సామాన్యముగా తోచును. కాని దీని వెనుక రెండు శతాబ్దుల కథ యున్నది.

పూర్వము వీధిబడులలో పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్ది, గుణింతములు వల్లించి, పద్యములు కంఠస్థము చేసెడివారు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లాలలోని పాఠశాలల స్థితిని తెలుపుడని కలెక్టర్లను కోరెను. వారి నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో పంపినది మిక్కిలి ప్రసిద్ధము. ఆయన 1816లో ఇంగ్లీషున తెలుగు వ్యాకరణము రచించినవాడు. కనుక భాష నెరిగియే వ్రాసెను. తన జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు కలరని లెక్క చూపెను. స్వల్పవ్యయముతో వ్రాత నేర్పుటను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతిని మెచ్చుకొని, ఆ పద్ధతిని ఇంగ్లండువారు అనుకరించుట తగినదే యనెను.

పిమ్మట లోపమును చూపెను. పిల్లలు పెక్కు పద్యములను తప్పులేక అప్పగింతురు గాని వాని యర్థము చిలుక కెంత తెలియునో వారికి నంతే. చెప్పు పంతుళ్ళలోనే భావము తెలిసినవారు కొలదిమంది. పుస్తకములందలి కావ్యభాష వేరు, వ్యవహారమున వాడు భాష వేరు. ఇట్లు శ్రమపడి చదివినవారు మిత్రునకు మామూలు ఉత్తరము వ్రాసినను ఇంచుమించు ప్రతి పంక్తియందును తప్పులు దొరలుచుండెనని ఆయన యభిప్రాయము. చదువు కలదు, గ్రహణము లేదు. గ్రహణము లేనిచోట రచనయు లేదు.

1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించిన పిమ్మట, లోకవ్యవహారములపై వచనమున వాదించు అలవాటు పాఠకులలో వ్యాపించెను. అయినను బడిలో పిల్లవాడు ఏ తెలుగున వ్రాయవలెనను ప్రశ్న మిగిలియే యుండెను. 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఏ. యేట్సు ప్రజల మాటకును పుస్తకముల భాషకును ఇంత దూరమేల యని ఆరా తీసెను. పర్లాకిమిడి ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, విశాఖపట్నమున కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నను చేపట్టిరి.

1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో విద్యార్థి వ్యాసమును కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని అధికారులు తెలిపిరి. ఆధునిక భాషకు మాదిరిగా చూపిన గ్రంథములలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర యొకటి. దీనితో పండితలోకమున పెద్ద కలకలము రేగెను. జయంతి రామయ్య పంతులుగారు, వేదము వేంకటరాయశాస్త్రిగారు మొదలగువారు దీనిని ప్రతిఘటించిరి. మాట ఊరూరికిని మారును. గ్రాంథికమొక్కటే యెల్ల సీమలవారికిని, రాబోవు తరములవారికిని అర్థమగునని వారి వాదము. తేలికగా త్రోసివేయదగిన వాదము కాదది. వాడుకలో లేని రూపములతో వ్రాయబూనినచో పండితులే తప్పులు చేయుచుండగా బాలుర గతి యేమగునని రామమూర్తిగారి ప్రత్యుత్తరము. 1913లో ఇరుపక్షములును తమ వాదములను ప్రకటించెను. తెలుగెట్లు వ్రాయవలెనను ఆ రెండు గ్రంథములును, రామయ్యగారిదియు రామమూర్తిగారిదియు, ఇంగ్లీషుననే వెలువడుట గమనింపదగినది. మద్రాసు విశ్వవిద్యాలయపు ఉపసంఘమున అధికసంఖ్యాకులు గ్రాంథికము వైపే మొగ్గగా, అప్పారావుగారు 1914లో తమ సుదీర్ఘమైన అసమ్మతిపత్రమును సమర్పించిరి. మరుసటి సంవత్సరమే ఆయన కీర్తిశేషులైరి.

ఆ 1914వ సంవత్సరముననే మరియొక కార్యము జరిగెను. ఏప్రిల్ 10వ తేదీని బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ కూడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపమున నిలిచెను. పండితులు పరీక్షాపత్రపు భాషకై వాదించుచుండగా, వీరు పరీక్ష లేని చదువును పల్లెలకు కొనిపోవ యత్నించిరి. ఈ రెండు కార్యములకును పొత్తు కలదు. బడి చదువవలసిన పాఠమును నిర్ణయించును. గ్రంథాలయము పాఠముకాని దానిని చేతికిచ్చును.

భాషావివాదము క్రమముగా సమసెను. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను ఆధునిక వ్యావహారికముననే వెలువరించెను. నేటి విద్యార్థి తనకు తెలిసిన తెలుగున వ్యాసము వ్రాయుచున్నాడు. కాని కాంబెల్ చూచిన వ్యాధి పూర్తిగా పోయినదా? నాడు శతకపద్యములను వల్లించినట్లే, నేడు గైడులలోని వ్యాసములను వల్లించి పరీక్షలో దింపువారు కలరు. ప్రశ్నలో ఒక మాట మారినచో వారి కలము ఆగిపోవును. వ్యాసమును వల్లె వేయవచ్చును గాని మునుపు చూడని గద్యభాగమును వల్లె వేయుట యెట్లు?

అట్టి గద్యభాగము నెదుర్కొనుటకు దగ్గరదారి లేదు. ఒకమారు మొత్తము చదివి ముఖ్యవిషయము పట్టుకొనవలెను. రెండవమారు కారణమేది, ఫలితమేది యని విడదీయవలెను. రచయిత చెప్పినదానిని, చెప్పక తోపింపజేసినదానిని వేరు చేయవలెను. పిమ్మట పుస్తకము మూసి సొంతమాటలలో చెప్పి చూడవలెను. ఈ నాలుగవ పనియే వ్యాసరచనకు మొదటి మెట్టు. ఏమి చెప్పదలచెనో తనకే తేటపడనివాడు ఏ భాషలో వ్రాసినను వ్యాసము నిలువదు.

ఈ అభ్యాసమునకు వలయు సామగ్రి గ్రామ గ్రంథాలయపు బల్లపై దినమును పరచియే యుండును. వార్తాపత్రికలోని సంపాదకీయము, వ్యవసాయమును గూర్చిన చిన్నపుస్తకము, ఒక జీవితచరిత్ర, ఒక యాత్రాకథ, ప్రతిదియు పిల్లవాడు మునుపు చదువని గద్యమే. సాయంకాలము ఒక పుట చదివి, అందలి సంగతిని ఇంటికిపోయి తల్లికి తేటగా చెప్పగల బాలునకు పరీక్షాపత్రము క్రొత్తగా తోపదు. చిలుకపలుకులను మాన్పుటకు రెండువందల యేండ్లుగా సాగుచున్న యత్నములో, ఇరువదియైదేండ్లు తలుపు తెరచియుంచిన ప్రతి పల్లె గ్రంథాలయమునకును పాలు గలదు.