వారాలు, హాస్టళ్లు, సెలవులు: సిద్దిపేట పై చదువుల వెనక కథ

సిద్దిపేటలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల 1956లో వచ్చింది. అంతకుముందు ఈ ప్రాంతపు పిల్లవాడు డిగ్రీ చదవాలంటే వంద కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాదు బాట పట్టాల్సిందే. అక్కడికి చేరాక పాఠం కంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉండేవి: ఎక్కడ పడుకోవాలి, ఎవరింట తినాలి, ఏ భాషలో రాయాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. దానికి కావలసిన పుస్తకాల కోసం నిజాం ప్రభుత్వం 1917లోనే అనువాద విభాగాన్ని నెలకొల్పింది. తెలుగింటి నుంచి వచ్చిన విద్యార్థికి అంతటి ఆసరా సర్కారు నుంచి అందలేదు. ఆ లోటును కొంతవరకు పూడ్చినవి 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం, 1918లో రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి పూనికతో మొదలైన రెడ్డి హాస్టల్. చదువుకునేవాడికి తోడ్పాటు, తీరిక ఇవ్వడం ఈ కాలం నేర్పిన సుకుమారం అనుకునేవారు ఈ చరిత్రను ఒకసారి చూడాలి. తోడ్పాటు లేని చదువు మన దగ్గర ఎన్నడూ సాగలేదు. అది ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే అసలు విషయం.

పాత బడుల పద్ధతి చూసినా ఇదే తేలుతుంది. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి రాసిన నివేదికలో వాటి దినచర్య కనిపిస్తుంది. పొద్దున ఆరింటికి బడి మొదలు. పంతులు పెద్ద తరగతులను చూసుకుంటే, చిన్న పిల్లలకు పాఠం చెప్పే బాధ్యత కొంత పెద్ద పిల్లల మీద ఉండేది. ఈ ఏర్పాటును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగినదే అన్నాడు. విరామానికీ కట్టుబాటు ఉండేది. వేద పాఠశాలల్లో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పున్నమి అనధ్యయన దినాలు. ఆ రోజుల్లో కొత్త పాఠం చెప్పరు. ఎవరికి అలసట వచ్చిందని అడగకుండా అందరికీ ఒకేసారి సెలవు దొరికేది. ఆగడం తన బలహీనతేమోనని ఏ విద్యార్థీ మథనపడే పని లేదు.

వీధి దీపం కింద చదివి పైకి వచ్చినవాళ్లు లేరా అని అడుగుతారు. ఉన్నారు, వారి పట్టుదల గొప్పది. కానీ అలాంటి కథల్లో చాలామంది వారాలు చేసుకుని చదివినవాళ్లే. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరో ఇంట తిన్నారంటే, ఒక్కడి చదువు వెనక ఏడు వంటిళ్లు ఉన్నాయన్నమాట. ఆ వంటిళ్ల తలుపులు కులం చూసి తెరుచుకునేవి. దళిత విద్యార్థికి వారం ఇచ్చే ఇల్లు దాదాపు ఉండేది కాదు, అందుకే వీధి దీపం కథల్లో అతని పేరు అరుదు. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్లు చేసిన అసలు మేలు ఇక్కడే ఉంది: అన్నాన్ని దయ చేతుల్లోంచి తీసి హక్కుగా నిలబెట్టాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ పుస్తకాలను తెలుగులో తెచ్చి భాష విషయంలో ఇదే పని చేసింది.

సెలవులు ఎక్కువైతే చదువు చెడుతుందన్నది రెండో అభ్యంతరం. తొమ్మిది రోజుల బతుకమ్మ, ఆపై దసరా, పాఠాల వరుస తెగుతుందంటారు. వరుస తెగుతుందన్నది నిజమే. అయితే సెలవంతా విశ్రాంతి అనుకోవడం పొరపాటు. సిద్దిపేట చుట్టూ ఊళ్లలో అవి మక్కలు ఇంటికి చేరే రోజులు, పత్తి ఏరుడు మొదలయ్యే రోజులు. ఇంటికి వెళ్లిన విద్యార్థి చేనుకు పోతాడు. ఆడపిల్లకైతే వంటపని కూడా తోడవుతుంది. అలసి తిరిగి వచ్చిన ఆ విద్యార్థిని బద్ధకస్తుల లెక్కలో వేయడం అన్యాయం. 2016లో తెలంగాణ డిగ్రీ కళాశాలల్లో సెమిస్టర్ పద్ధతి వచ్చాక ఈ ఇబ్బంది మరింత పదునెక్కింది. ఏడాదికి ఒకే పరీక్ష ఉన్నప్పుడు దసరాకు వెనకబడినవాడు సంక్రాంతి తర్వాతైనా అందుకునేవాడు. ఇప్పుడు ఆ వ్యవధి లేదు, అధ్యాపకుడి సాయం సెలవుల తర్వాత మొదటి వారాల్లోనే అందాలి. సందేహాలు తీర్చే గంటను సాయంత్రానికి నెడితే ఊరి బస్సు అందుకోవాల్సినవాళ్లకు అది దక్కదు. ఆ గంట మధ్యాహ్నపు టైంటేబుల్లోనే, మిగతా పీరియడ్లతో సమానంగా ఉండాలి.