రెండు సిస్టమ్‌లు, ఒకే లైను

ఆదిలాబాద్‌లో ఒక ఇంట్లో మోడెం సెట్టింగులు తెరవాలంటే బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టాలి. కరీంనగర్ మంకమ్మతోటలో ఇంకో ఇంట్లోనూ చాలావరకు అదే అంకె. పక్కింట్లోనూ అదే. ఊరంతా ఒకే డోర్ నంబరు రాసుకుంటే పోస్ట్‌మన్ తల పట్టుకుంటాడు. ఇంటర్నెట్‌లో మాత్రం ఏ ఉత్తరమూ దారి తప్పదు. ఒక్క కనెక్షన్ మీద ఇంట్లో రెండు కంప్యూటర్లు నడుస్తున్నాయంటే ఆ ఘనత వైరుది కాదు, ఈ ఉత్తుత్తి నంబరుది.

అయితే పంచుకోవడం మొదలైంది ఇంటర్నెట్‌తో కాదు, ప్రింటర్‌తో. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్ ప్రింటర్ తయారుచేశాడు. సెకనుకో పేజీ వేగం. అంత ఖరీదైన యంత్రాన్ని బల్లకొకటి పెట్టలేరు కదా, అక్కడి ఆల్టో కంప్యూటర్లన్నిటినీ దానికి కలపాల్సి వచ్చింది. ఆ పని మీదున్న బాబ్ మెట్‌కాఫ్ 1973 మే 22న రాసిన మెమోలోంచే ఈథర్నెట్ పుట్టింది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి అతను కట్టిన మొదటి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు.

ముప్పై ఏళ్ల తర్వాత మన పెళ్లిపత్రికల డీటీపీ షాపుల్లోనూ లెక్క అదే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఎక్కించిన సిస్టమ్‌లు రెండు, ప్రింటర్ ఒకటి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి యూఎస్‌బీ తప్ప నెట్‌వర్క్ పోర్టు లేదు. కాబట్టి ఒక సిస్టమ్‌కు తగిలించి, విండోస్‌లో షేర్ చేసి, రెండిటి మధ్య క్రాస్ కేబుల్ వేసేవాళ్లు. అంటే ఒక కొసన నారింజ జత ఉండే చోట రెండో కొసన ఆకుపచ్చ జత పెట్టి క్రింప్ చేయడం. ఒకడు పంపే పిన్ను ఎదుటివాడు వినే పిన్నుకు తగలాలి, అంతే మర్మం. చిక్కల్లా ప్రింటర్ ఉన్న సిస్టమ్ ఆపేస్తే వచ్చేది. "అన్నా, నీది బంద్ చెయ్యకే, నా కార్డు ఇంకా రాలే!" అని లోపలి గదిలోంచి కేక.

ఇంటర్నెట్‌ను అలా తీగ వేసి పంచలేం. బయటి ప్రపంచంలో ప్రతి కంప్యూటర్‌కూ తనదంటూ ఒక అడ్రసుండాలి. ఆ అడ్రసు 32 బిట్లది, అన్నీ కలిపి సుమారు 430 కోట్లు. అవి చాలవన్న భయం 1990ల మొదట్లోనే పట్టుకుంది. లోపల ఒక అడ్రసు, బయట ఒక అడ్రసు పెట్టి మధ్యలో మార్చేద్దామని పాల్ సుచియా, టోనీ ఎంగ్ 1993 జనవరిలో ఒక వ్యాసం రాశారు. ఆ సుచియానే పాల్ ఫ్రాన్సిస్ పేరుతో, కెల్డ్ ఎగెవాంగ్‌తో కలిసి 1994 మే నెలలో, ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 1631వది తెచ్చాడు. ఈ అడ్రసు మార్చే పద్ధతి పేరే నాట్. ఇది తాత్కాలిక ఊరట మాత్రమే, దీర్ఘకాలానికి పనికిరాదని ఆ పత్రమే ఒప్పుకుంది. 1996 ఫిబ్రవరిలో 192.168తో మొదలయ్యే గుంపును, ఇంకో రెండు గుంపులను ఎవరైనా ఇంట్లో వాడుకోండని వదిలేశారు. మనూళ్లన్నిటా ఒకే అంకె కనిపించేది అందుకే.

ఈ కథలో మన చెవికి దగ్గరగా వినిపించే పేరొకటుంది: పైడా శ్రీసురేశ్. లూసెంట్ సంస్థలో ఉండగా మ్యాట్ హోల్డ్‌రెజ్‌తో కలిసి 1999 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 2663 రాశాడు. నాట్‌లో రకాలేమిటి, దేన్ని ఏమనాలి అన్న గందరగోళాన్ని సర్దిందది. 2001 జనవరిలో ఎగెవాంగ్‌తో కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 3022 పాత 1631 స్థానంలోకి వచ్చింది. అందులో అడ్రసుతో పాటు, సిస్టమ్‌లో ఏ ప్రోగ్రాము మాట్లాడుతోందో చెప్పే పోర్టు నంబరును కూడా మార్చే పద్ధతి చేరింది. ఇళ్లకు పనికొచ్చింది సరిగ్గా ఇదే.

ఉదాహరణకు హాల్లోని సిస్టమ్ ఒక వెబ్‌సైట్‌ను అడిగింది, దాని పోర్టు 1050 అనుకుందాం. మోడెం ఆ కవరు మీద తన సొంత అడ్రసు వేసి, పోర్టును 60001గా మార్చి, పట్టీలో రాసుకుంటుంది. పడగ్గదిలోని సిస్టమ్‌ కూడా అదే క్షణంలో 1050 నుంచే అడిగితే దానికి 60002. జవాబు 60001కి వస్తే హాలుకు, 60002కి వస్తే పడగ్గదికి. బయటివాడికి కనిపించేది మాత్రం ఒక్క కంప్యూటరే.

అంతకుముందే, 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్ ఈ పనిని ఇంటి సిస్టమ్‌కు అప్పగించింది. డయలప్ మోడెం ఉన్న సిస్టమ్ 192.168.0.1 అయి కూర్చునేది, రెండోది దాని చాటున బతికేది. ఇద్దరూ నెట్‌లో ఉన్నంతసేపూ ల్యాండ్‌లైన్ ఎంగేజే. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ 256 కేబీపీఎస్‌తో వచ్చింది. మోడెం బ్రిడ్జి మోడ్‌లో ఉంటే డయల్ చేసిన సిస్టమ్‌కే నెట్. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మోడెంలోకే ఎక్కించి ఒక చిన్న స్విచ్ తగిలిస్తే ఇంటికంతా వచ్చేది. అప్పటి ఒక ప్లానులో రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా డౌన్‌లోడ్ ఉచితం. ఇల్లంతా నిద్రపోతుంటే రెండో సిస్టమ్ డ్యూటీ ఎక్కేది.

నాట్‌కు ఒక అవలక్షణం ఉంది. లోపలివాళ్లు అడిగితేనే పట్టీలో పేరు పడుతుంది. బయటినుంచి ఎవరైనా ముందుగా తలుపు తడితే ఎవరికివ్వాలో మోడెంకు తెలియదు, పారేస్తుంది. గల్ఫ్‌కు పోయినవాళ్లున్న జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. మస్కట్‌లో ఉన్నాయన ఫోన్‌లో ఊళ్లో ఇంటి సీసీ కెమెరా చూడాలి కదా. దానికి మందు కూడా శ్రీసురేశ్ చేయి పడిందే. బ్రయాన్ ఫోర్డ్, డాన్ కెగెల్‌లతో కలిసి 2005లో యూసెనిక్స్ సభలో హోల్ పంచింగ్ మీద పత్రం సమర్పించాడు. రెండు వైపుల పరికరాలూ మధ్యలో ఒక సర్వర్ దగ్గర పరస్పరం చిరునామా తెలుసుకుని, ఒకేసారి బయటికి పంపడం మొదలుపెడతాయి. ఎదురుగా వచ్చినదాన్ని ఇద్దరి మోడెంలూ తమవాడు అడిగినదానికి జవాబే అనుకుని లోపలికి వదులుతాయి. వాళ్లు పరీక్షించిన నాట్‌లలో సుమారు 82 శాతం యూడీపీ అనే పంపే పద్ధతిలో ఈ ఎత్తుకు లొంగాయి, టీసీపీ అనే ఇంకో పద్ధతిలోనైతే 64 శాతం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే బొమ్మ వచ్చే కెమెరాల్లో చాలావాటి వెనుక ఇలాంటి ఎత్తే ఉంటుంది.

అడ్రసుల కరువు తీరక, ఇప్పుడు ఫైబర్ కంపెనీలే పైన ఇంకో నాట్ పెడుతున్నాయి. అందుకోసం 2012 ఏప్రిల్‌లో వేరే గుంపును కేటాయించారు. మోడెం పేజీలో వ్యాన్ ఐపీ, అంటే మోడెంకు బయటివైపు ఇచ్చిన అడ్రసు, 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే మీ లైను వేరే ఇళ్లతో కలిసి ఒక్క బయటి అడ్రసు వెనక ఉన్నట్టే. అప్పుడు మోడెంలో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. మనకంటూ ఒక బయటి అడ్రసు కావాలని కనెక్షన్ ఇచ్చే పిలగాణ్ని అడిగితే ఒకటే మాట: "స్టాటిక్ ఐపీ తీస్కోండి సార్, పైసలు సెపరేట్ అయితయ్."