తెర చాటు ఓటు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, మొదట గండికోట గురించి రాద్దామనుకున్నాను. ఈ మధ్య విన్న రెండు మాటలు నా మనసును వేరే దారికి మళ్ళించాయి.

మొదటిది ప్రొద్దుటూరులో మన పెన్షనర్లం లైఫ్ సర్టిఫికెట్ కోసం కలుసుకున్న రోజున విన్నాను. రిటైర్డు ఉపాధ్యాయ మిత్రుడొకరు సెల్‌ఫోనులో ముఖం చూపించి పని ముగించుకున్నారు. "ఏమప్పా, మనం బతికున్నామని ఫోన్లో ముఖం చూపిస్తే గవర్నమెంటు నమ్ముతాంది. ఓటు మాత్రం మోకాళ్ళ నొప్పులతో ఎండలో నిలబడి ఎందుకెయ్యాల?" అన్నారు. రెండవది మా ఇంట్లోనే. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మనవడు, "ఓటు కోసం రాత్రంతా బస్సులో రావల్లా తాతా? ఫోన్లో పెడితే వేస్తాం. అయినా ఎవరొచ్చినా ఏం మారతాదిలే" అన్నాడు.

ఒకటి సౌకర్యం గురించి, రెండవది విసుగు గురించి. 1970లలో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరినది మొదలు రిటైరయ్యేవరకు ప్రతి ఎన్నికకూ డ్యూటీ చేసినవాణ్ణి. ఈ రెండింటికీ నాకు తెలిసిన జవాబు రాయాలనిపించింది.

పెట్టెల కాలం

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగేనాటికి మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అప్పుడు ఓటు కాగితం మీద ముద్ర వేసే పద్ధతి లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద ఆయన గుర్తు. ఓటరు తెర వెనక్కి వెళ్ళి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. 1962 సార్వత్రిక ఎన్నికల నుండి ఒకే కాగితం, ముద్ర, ఒకే పెట్టె వచ్చాయి.

మా నాయన ఒక ఆసామి దగ్గర సేద్యం చేసేవాడు. ఓటు వేసి వచ్చాక ఆ ఆసామి, "ఎవరికేసినావురా?" అని అడిగాడట. "మీరు చెప్పినోళ్ళకే సామీ" అన్నాడట మా నాయన. మాకు ఆ కథ చెప్పి, "తెర ఎనకాల ఏసినాను గదా, ఆయనకెట్ల తెలుస్తాది!" అని నవ్వేవాడు. ఎవరికి వేసిందీ మా అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ ఎన్నికల్లో కడప నుండి లోక్‌సభకు వెళ్ళినవారు జమ్మలమడుగు ప్రాంతానికి చెందిన కమ్యూనిస్టు నాయకుడు యెద్దుల ఈశ్వరరెడ్డి గారు. 1957లో కాంగ్రెసు గెలిచింది. మళ్ళీ 1962, 1967, 1971లలో ఈశ్వరరెడ్డి గారే గెలిచారు. అక్షరం రాని జనం కూడా పిలవడం, దించడం, మళ్ళీ పిలవడం చేయగలిగారంటే అందులో ఆ తెరకు కొంత పాలు ఉంది.

నేను సంతకం పెట్టిన రోజు

తర్వాతి కాలంలో మన పల్లెల్లో కక్షలు ముదిరిన సంగతి మీకు తెలియనిది కాదు. 1980లలో జరిగిన ఒక ఎన్నికలో మన మూడు తాలూకాలలోని ఒక పల్లెకు నన్ను పోలింగ్ ఆఫీసరుగా వేశారు. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం. ముందురోజు సాయంత్రం పెట్టెలు, సిరా, లక్క, కాగితాలు లారీలో వేసుకుని వెళ్ళి బడిలో పడుకున్నాము. తెల్లవారి పది గంటల వరకు పోలింగు సక్రమంగానే జరిగింది. తర్వాత పదిమంది లోపలికి వచ్చారు. ఎవరూ గట్టిగా కూడా మాట్లాడలేదు. "సార్, మీకు శ్రమ ఎందుకు, మేం చూసుకుంటాం" అని ఓటు కాగితాల పుస్తకాలు తీసుకుని, వరుసగా ముద్రలు గుద్ది పెట్టెలో వేశారు. ఉన్న ఒక్క కానిస్టేబులు చెట్టుకింద కూర్చున్నాడు. మాకు టిఫిను కూడా వాళ్ళే పంపించారు.

మధ్యాహ్నం ఒక అవ్వ చీటీ పట్టుకుని వచ్చింది. జాబితాలో ఆమె పేరు ఎదుట అప్పటికే గీత పడి ఉంది. "నీ ఓటు పడిపోయిందవ్వా" అన్నాను. "నేనిప్పుడే గదా వస్తి. నా ఓటు ఎవురేసిరి నాయనా?" అని అడిగింది. అటువంటివారికి టెండర్డ్ ఓటు కాగితం ఇచ్చి, వేరే కవరులో పెట్టి, పేరు నమోదు చేసుకోవాలని నిబంధన ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తలుపు దగ్గర నిలబడినవాళ్ళను చూసి ఆ మాట ప్రిసైడింగ్ ఆఫీసరుకు చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. సాయంత్రం డైరీలో "పోలింగు ప్రశాంతముగా జరిగినది" అని రాస్తే, మా కాగితాల మీద నేనూ సంతకం పెట్టాను.

నలభై ఏళ్ళుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో దాచి సాధించేదేముంది? మనలో ఇటువంటి సంతకాలు పెట్టినవారు ఇంకా ఉంటారు. రాజకీయాల మీద విసుగు ఎక్కడ మొదలైందని పిల్లలు అడిగితే, ఆ అవ్వ బడి మెట్లు దిగిన దగ్గర మొదలైందని నేను చెబుతాను.

యంత్రం తెచ్చినది, పోగొట్టినది

బూత్ ఆక్రమణ అన్న నేరాన్ని 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది. 1990 చివరలో టి.ఎన్. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనరుగా వచ్చాక ఫొటో గుర్తింపు కార్డులు, పరిశీలకులు, బందోబస్తు పెరిగాయి. ఆ మార్పు పోలింగ్ బల్ల దగ్గర కూర్చున్న మాకు బాగా తెలిసింది.

ఓటింగ్ యంత్రం అంతకుముందే పుట్టింది. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో కొన్ని కేంద్రాల్లో వాడారు. చట్టంలో యంత్రం మాట లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాల ఎన్నికను కొట్టివేసింది. చట్టం సవరించాక, 2004 నాటికి దేశమంతా లోక్‌సభ ఎన్నికల్లో యంత్రాలే. వీటిని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి పడవు. గొడవ జరిగితే ప్రిసైడింగ్ ఆఫీసరు ఒక్క బటన్ నొక్కి ఆపేయవచ్చు. పుస్తకాలు లాక్కుని గుద్దే పని దానితో కష్టమైంది. తర్వాత ఓటు ఎవరికి పడిందో ఏడు సెకన్లు చూపించే కాగితపు చీటీ కూడా వచ్చింది. 2019 ఎన్నికల్లో దానిని అన్ని కేంద్రాల్లో పెట్టారు.

అయితే ఒక నష్టమూ జరిగింది. బ్యాలెట్ల కాలంలో లెక్కింపునకు ముందు వేర్వేరు కేంద్రాల కాగితాలను కలిపేసి, తర్వాత కట్టలు కట్టేవారు. ఏ పల్లె ఎటు వేసిందో తెలియరాదని ఆ ఏర్పాటు. యంత్రం ప్రతి కేంద్రం లెక్కనూ విడిగా చెప్పేస్తుంది. నాలుగు వందల ఓట్ల ఊళ్ళో పది ఓట్లు అటుపోతే, ఆ పది ఇళ్ళు ఏవో కనిపెట్టడం మన పల్లెల్లో కష్టమా? పలు యంత్రాల లెక్కను కలిపి చూపే టోటలైజరు పెడదామని ఎన్నికల కమిషన్ 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. అయినా అది అమలుకు రాలేదు.

విసుగు సంగతి

మా మనవడి విసుగును నేను కాదనను. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి 2007లో ఒక ముఖ్యమంత్రి గారు శంకుస్థాపన చేశారు. 2018లో మరొక ముఖ్యమంత్రి గారు చేశారు. 2019లో ఇంకొకరు చేశారు. 2023లో ఆయనే మళ్ళీ భూమిపూజ చేశారు. అన్ని పక్షాలవారూ కొబ్బరికాయ కొట్టినవారే. 2025 వచ్చినా అక్కడ కొలిమి అంటుకోలేదు. మొదటి రాయి నాడు బడికి పోతున్న పిల్లలు ఈనాడు బెంగుళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళు "ఏం మారతాది" అంటే తప్పు పట్టగలమా? ఎవరూ నచ్చలేదని చెప్పడానికి 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా బటన్ వచ్చింది. దానికి ఎన్ని ఓట్లు పడినా గెలిచేది మిగిలినవారిలో ఒకరే.

విసుగు ఉన్నా మన జనం ఓటు మానలేదు. 2024 మే 13న మన రాష్ట్రంలో పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతం పోలింగు జరిగింది. అదే రోజు హైదరాబాదు లోక్‌సభ స్థానంలో 48 శాతం దాటిందంతే. బూత్ వీధి చివరనే ఉన్న నగరంలో సగం మంది రాలేదు. బస్సుల్లో నిలబడి మన ఊళ్ళకు వచ్చినవారు మాత్రం వేసి వెళ్ళారు. అంటే దూరమొక్కటే జబ్బు కాదు.

ఫోనులో ఓటు

ఫోనులో ఓటు ఎక్కడా లేదని కాదు. ఎస్తోనియా అనే చిన్న దేశంలో 2005 నుండి ఇంటర్నెట్టులో ఓటు వేస్తున్నారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. మన పక్కనే ఖమ్మంలో 2021 అక్టోబరులో తెలంగాణ ఎన్నికల సంఘం సెల్‌ఫోను ఓటుకు ఉత్తుత్తి ఎన్నిక నిర్వహించి చూసింది. 2025 జూన్‌లో బీహారు పురపాలక ఎన్నికల్లో నిజంగానే ఫోను ద్వారా ఓట్లు వేయించారు. జర్మనీలో మాత్రం 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తాను విచారించిన ఓటింగ్ యంత్రాల వాడకమే చెల్లదన్నది. సాంకేతిక జ్ఞానం లేని సామాన్యుడు కూడా లెక్కను సరిచూసుకోగలగాలని దాని తీర్పు.

ఇప్పుడు మా ఉపాధ్యాయ మిత్రునికి జవాబు. లైఫ్ సర్టిఫికెట్‌లో నేనెవరో ప్రభుత్వానికి తెలియాలి, అంతే పని. ఓటులో నేనెవరో తెలియాలి గానీ, నేనెవరికి వేసిందీ ఎవరికీ తెలియకూడదు. బ్యాంకులో పది రూపాయలు తేడా వస్తే పాసుపుస్తకం చూసి అడుగుతాము. ఓటుకు పాసుపుస్తకం ఉండరాదు. ఉంటే దాన్ని చూపించి డబ్బు తీసుకునేవారు, చూపించమని కొట్టేవారు కూడా ఉంటారు.

ఫోనుకు తెర ఎక్కడుంది? పల్లెలో నాయకుని అరుగు మీద కూర్చోబెట్టి, "నొక్కు, నేను చూస్తా" అంటే ఎవరు కాదనగలరు? ఎస్తోనియాలో ఒకసారి వేసిన ఓటును గడువులోగా మళ్ళీ మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. మంచి ఉపాయమే. మన దగ్గర గడువు ముగిసేదాకా ఊరి ఫోనులన్నీ ఒక గోనెసంచిలో ఉండవని ఎవరు హామీ ఇస్తారు? ఆనాడు ఆ పదిమందికి బడిదాకా వచ్చే శ్రమైనా ఉండింది.

కాగితం మీద కూడా మనకు తగాదాలు తక్కువ కాదు. 2024లో మన ఉద్యోగుల పోస్టల్ ఓట్ల డిక్లరేషను మీద అధికారి సంతకం ఉండి సీలు లేకపోతే చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ కాగితమైనా ఉంది, తీసి చూసుకున్నారు. ఫోనులో పడిన ఓటు మీద తగాదా వస్తే దేన్ని తీసి చూస్తాము?

పులివెందుల చీటీ

2021లో పులివెందుల పురపాలక సంఘంలో అన్ని వార్డులూ ఏకగ్రీవమే. జడ్పీటీసీ స్థానమూ ఏకగ్రీవమే. 2025 ఆగస్టు 12న ఆ జడ్పీటీసీ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. పాత పద్ధతిలో కాగితం, పెట్టె. లెక్కింపు రోజున ఓట్లతో పాటు ఒక చీటీ బయటపడిందని పత్రికలు రాశాయి. ముప్పై ఏళ్ళ తర్వాత ఓటు వేశామని, అందరికీ దండాలని ఎవరో రాసి పెట్టెలో వేశారట. ఆ ఎన్నికలోనే తమను బూత్ దాకా రానివ్వలేదని, కేంద్రాలు పక్క ఊళ్ళకు మార్చారని వాపోయినవారూ ఉన్నారు. రెండు కేంద్రాల్లో మరునాడు రీపోలింగు జరిగింది. మన సంఘం ఏ పక్షానిదీ కాదు కనుక ఎవరిది ఒప్పో నేను తేల్చబోను. వేశామని సంతోషించినవారూ, వేయలేకపోయామని ఏడ్చినవారూ కోరినది మాత్రం ఒక్కటే. తమ ఓటు తామే వేయాలని.

ఆ చీటీ గురించి చదివిన రోజున నాకు ఆ అవ్వ గుర్తుకు వచ్చింది. ఆమె ఈపాటికి బతికి ఉండదు. ఆమెకు ఫోను లేకపోవడం కాదు లోటు. బల్ల ఇవతల కూర్చున్న నాకు ధైర్యం లేకపోవడమే.

కనుక నా మనవి ఇది. ఓటరు జాబితాలో పేరు చూసుకోవడానికి, ఫిర్యాదు చేయడానికి ఫోను వాడుదాం. 2024 ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికి, 40 శాతం వైకల్యం ఉన్నవారికి 12-డి ఫారం ఇస్తే అధికారులే ఇంటికి వచ్చి ఓటు వేయించుకున్నారు. మన పెద్ద సభ్యులు ఈ ఏర్పాటు తెలుసుకుని గడువులోగా దరఖాస్తు చేసుకోవాలి. దూరప్రాంతాల పిల్లల కోసం వాళ్ళున్న ఊళ్ళోనే బూత్ పెట్టే యంత్రాన్ని ఎన్నికల కమిషన్ 2023 జనవరిలో పార్టీల ముందుంచింది. పార్టీలు ఒప్పుకోక అది ముందుకు సాగలేదు. దానిని మళ్ళీ అడుగుదాం, అందులోనైనా తెర ఉంటుంది. మన పిల్లల్లో ఎన్నికల డ్యూటీలకు వెళ్ళేవారికి టెండర్డ్ ఓటు నిబంధన చదివి పంపుదాం. ఎవరైనా వచ్చి "నా ఓటు ఎవరేసినారు?" అని అడిగితే, వాళ్ళు నాలాగా తల దించుకోకుండా ఆ కాగితం తీసి ఇవ్వాలి.

సెలవు.

— ఒక విశ్రాంత రెవెన్యూ గుమాస్తా, ప్రొద్దుటూరు